ఫర్మాన్ వాళ్ళది, ఫర్మాయిష్ మనది: ఓరుగల్లు ముస్లిం ఇళ్ళల్లో పాటలు, డ్రామాలు, రాయ్‌లు



ఫార్సీలో 'ఫర్మూదన్' అని ఒక లఫ్జ్ ఉంది. సెలవివ్వడం, హుకుం చేయడం అని దాని మానే. దాన్నుంచి మన బోలీలోకి రెండు మాటలు వచ్చాయి. ఒకటి ఫర్మాన్. అది పైనుంచి కిందికి దిగుతుంది. రెండోది ఫర్మాయిష్. అది కిందినుంచి పైకి పోతుంది. తల్లి ఒక్కటే, ఇద్దరు పిల్లల నసీబులు మాత్రం వేరు. ఫర్మాన్లను సర్కార్లు అల్మారాల్లో భద్రంగా దాచుకున్నాయి. ఫర్మాయిష్‌లను మాత్రం మన ఇళ్ళల్లో ఎవ్వరూ దాచుకోలేదు. ఏ పాట బాగుంది, ఏ హీరోయిన్ పొరపాటు చేసింది, రఫీ సాహెబ్ గొప్పా ఘంటసాల గారు గొప్పా, 'హమ్ లోగ్'లో తప్పు ఎవరిది, ఇలాంటి మాటలు చాయ్ కప్పుతో పాటే ఖాళీ అయిపోయాయి.

నేనంటాను, వరంగల్ ముస్లింల తవారీఖ్ రాయాలంటే ఈ మామూలు రాయ్‌లు లేకుండా కుదరదు. ఎందుకంటే మనలో చాలామందికి ఉర్దూ చదవడం రాదు. నేను రాస్తున్నది తెలుగు లిపిలో, మీరు చదువుతున్నది తెలుగు లిపిలో. అయినా నేను 'తవారీఖ్' అంటే మీకు అర్థమైంది, 'నసీబు' అంటే అర్థమైంది. ఈ మాటలు మన చెవుల్లో ఎలా నిలిచాయి? మదర్సాలో కొన్ని, ఇంట్లో కొన్ని. మిగతావి పాటలతో వచ్చాయి, తర్వాత డ్రామాలతో వచ్చాయి. స్కూలు ఇవ్వనిది షౌక్ ఇచ్చింది. ఆ షౌక్ కహానీయే ఇది.

మహఫిల్‌లో వినేవాడి హక్కు

రేడియో రాకముందు కూడా ఓరుగల్లులో ఫర్మాయిష్ ఉంది. ఖాజీపేటలో హజ్రత్ సయ్యద్ షా అఫ్జల్ బియాబానీ (1795-1856) దర్గా ఉంది కదా. ఆయన వరంగల్ ఖాజీ. ఖాజీ గారి పేట కాబట్టి ఊరికి ఆ పేరు. సఫర్ నెలలో అక్కడ ఉర్స్ జరుగుతుంది, సమా మహఫిల్ జరుగుతుంది. కరీమాబాద్ పక్కన ఒక మొహల్లా పేరే 'ఉర్సు'. మాషూఖ్ రబ్బానీ దర్గా ఉర్స్‌తో ఆ పేరు వచ్చింది.

సమా మహఫిల్‌లో ఒక ఖాయిదా ఉంది. పాడేది ఖవ్వాల్, నడిపించేది వినేవాడు. ఎవరికైనా ఒక మిస్రా దిల్‌కు తాకి హాల్ వస్తే, ఖవ్వాల్ ముందుకు పోడు. ఆ మిస్రాను మళ్ళీ మళ్ళీ పాడతాడు, ఆ హాల్ తగ్గేదాకా. విన్నవాళ్ళు నజ్రానా ఇస్తారు, 'వాహ్' అంటారు, ఫలానా కలామ్ పాడమని అడుగుతారు. అక్కడ మిల్లు కార్మికుడి 'వాహ్'కూ జాగీర్దార్ 'వాహ్'కూ ఫరఖ్ లేదు. వినేవాళ్ళల్లో ముస్లిమేతరులు ఎప్పుడూ ఉన్నారు, ఇవాళా ఉన్నారు. అభిప్రాయం చెప్పే హక్కు వినేవాడికి ఉంటుందన్న ఎహసాస్ మనకు అక్కణ్ణుంచే వచ్చింది.

గానా-బజానా జాయిజా, నాజాయిజా అనే బహస్ అప్పుడూ ఉంది. ఒకే ఖాన్‌దాన్‌లో ఒకరు ఖవ్వాలీకి పోతే ఇంకొకరు ఆ రాత్రి మస్జిద్‌లోనే ఉండిపోయేవారు. ఇది ఫిఖ్హ్ మీద రాస్తున్న మజ్మూన్ కాదు కాబట్టి ఆ ఫైసలా ఉలమాలకే వదిలేస్తున్నా. కానీ ఒకమాట. ఆ బహస్ కూడా మన చరిత్రలో ఒక హిస్సాయే. వినను అన్నవాళ్ళదీ ఒక రాయే.

కొలంబో నుంచి వచ్చిన ఉర్దూ

హైదరాబాద్ రియాసత్‌లో 1930లలో దక్కన్ రేడియో మొదలైంది. ఉర్దూదే పెద్ద వాటా, తెలుగు, మరాఠీ, కన్నడాలకూ కొంత చోటు ఉండేది. అదే కాలంలో, 1934లో, వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు వచ్చింది. నిజాం పెద్ద కొడుకు ఆజం జాహ్ పేరు పెట్టిన ఆ మిల్లు కోసం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి అన్ని కులాలవాళ్ళు, మజ్హబ్‌లవాళ్ళు వచ్చి చేరారు. షిఫ్టు దిగి చాయ్ హోటల్లో కూర్చుంటే ఉర్దూ, తెలుగు కలిసే దొర్లేవి.

1948లో పోలీస్ యాక్షన్ జరిగింది. రియాసత్ పోయింది. 1950లో దక్కన్ రేడియో ఆకాశవాణిలో కలిసింది. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో ఉర్దూ మాధ్యమంతో పుట్టింది, ఆ మాధ్యమమూ పోయింది. కచేరీల్లో, కాగితాల్లో ఉర్దూ వెనక్కి తగ్గింది. 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చాక ఉద్యోగం కావాలంటే తెలుగు, ఇంగ్లీషు రావాలి. మన దాదాలు ఉర్దూలో అర్జీలు రాశారు, మన అబ్బాలు తెలుగులో పరీక్షలు రాశారు. ఒక్క తరంలో జరిగిన మార్పు ఇది.

సరిగ్గా ఆ దినాల్లోనే ఇంకో ఫర్మాన్ వచ్చింది. 1952లో బి.వి. కేస్కర్ కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి అయ్యారు. ఆయనకు శాస్త్రీయ సంగీతమంటే ప్రాణం, సినిమా పాటంటే చిన్నచూపు. ఆకాశవాణిలో సినిమా పాటలు తగ్గిపోయాయి. వినేవాళ్ళు ఊరుకున్నారా? సుయ్ మీటలు తిప్పి కొలంబోకు పోయారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫౌజుల కోసం పెట్టిన బలమైన షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ రేడియో సిలోన్ చేతిలో ఉంది. ఢిల్లీ వద్దన్న పాట సముద్రం అవతలి నుంచి హన్మకొండ దాకా వినిపించింది.

1952 డిసెంబర్‌లో అక్కడ బినాకా గీత్‌మాలా మొదలైంది. బుధవారం రాత్రి, అమీన్ సయానీ గొంతు. అప్పటికి ఆయనకు దాదాపు ఇరవై ఏళ్ళు. మొదటి ప్రోగ్రాముకు 9 వేల ఉత్తరాలు వచ్చాయని, ఏడాది తిరిగేలోగా వారానికి 65 వేలకు చేరాయని చెబుతారు. 1954 నుంచి పాటలకు వరుస పెట్టారు. ఒక్కో మెట్టు ఒక్కో 'పాయ్‌దాన్'. రికార్డుల అమ్మకం లెక్కతో పాటు ఊరూరా ఉన్న శ్రోతా సంఘాల రాయ్ కూడా చూసేవాళ్ళు. గమనించండి, పాటకు దర్జా ఇచ్చేది ఉస్తాద్ కాదు, మంత్రి కాదు, పోస్టుకార్డు రాసే మనిషి.

అమీన్ సయానీ జబాన్ వెనక కూడా ఒక కహానీ ఉంది. ఆయన అమ్మీ కుల్సుమ్ సయానీ గాంధీజీ ప్రేరణతో 'రహ్‌బర్' అనే పత్రిక నడిపారు. అది నాగరీ, ఉర్దూ, గుజరాతీ మూడు లిపుల్లో వచ్చేది. లిపి ఏదైనా బోలీ మాత్రం ఒక్కటే, తేలికైన హిందుస్తానీ. ఆ పత్రిక పనిలో పెరిగిన కుర్రాడు మైకు ముందు కూర్చున్నప్పుడు ఉర్దూ చదవలేనివాడికి కూడా అర్థమయ్యే ఉర్దూ మాట్లాడాడు. అందరూ 'భాయియో' అని మొదలుపెట్టే జమానాలో ఆయన 'బెహనో'ను ముందు పెట్టాడు. పర్దా వెనక కూర్చుని వినే మన నానీలకు, ఒక అజ్నబీ గొంతు తమను ముందుగా సలామ్ చేయడం చిన్న విషయం కాదు. ఆయన 2024 ఫిబ్రవరిలో ఇంతెఖాల్ అయ్యారు.

రేడియో సిలోన్ తెలుగువాళ్ళకూ పాటలు వినిపించింది. మీనాక్షీ పొన్నుదురై గారి తెలుగు అనౌన్స్‌మెంట్లు ఆ తరం వాళ్ళకు ఇప్పటికీ యాదున్నాయి. అంటే ఒకే రేడియో పెట్టెలో ఉర్దూ ఫర్మాయిష్, తెలుగు ఫర్మాయిష్ రెండూ ఉన్నాయి. చివరికి ఢిల్లీయే దిగివచ్చింది. 1957 అక్టోబర్ 3న వివిధ భారతి మొదలైంది, సినిమా పాట ఆకాశవాణిలో బాకాయిదా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఫర్మాన్ మీద ఫర్మాయిష్ గెలిచిన మొదటి కిస్సా ఇది. తర్వాత హైదరాబాద్ కేంద్రం నుంచి ఉర్దూ ప్రోగ్రామ్ 'నైరంగ్' మన ఇళ్ళల్లో సాయంత్రాల అలవాటైంది.

మూడు అనార్కలీలు

మన ఇళ్ళల్లో పాటల బహస్ ఎలా ఉండేదో తెలియాలంటే అనార్కలీని చూడాలి. 1953లో హిందీ 'అనార్కలీ' వచ్చింది. సి. రామచంద్ర సంగీతం, లతా గొంతు. 1955లో తెలుగు 'అనార్కలి' వచ్చింది. అంజలీదేవి, అక్కినేని, సంగీతం ఆదినారాయణరావు. 1960లో 'ముఘల్-ఎ-ఆజమ్' వచ్చింది. ఇక ముకాబలా మొదలు. దాదీ వర్గం లతా వైపు. మనవళ్ళ వర్గం ఘంటసాల, జిక్కీ వైపు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే కుటుంబానికి తప్ప ఇంకెవరికీ ఈ మూడింటి మీదా సమానంగా రాయ్ చెప్పే మౌకా లేదు. మళ్ళీ 1978లో ఎన్టీఆర్ తానే అక్బర్‌గా 'అక్బర్ సలీం అనార్కలి' తీశారు. సంగీతానికి పిలిచింది ఎవర్నో తెలుసా? పాతికేళ్ళ కింద హిందీ అనార్కలీకి పాటలు కట్టిన అదే సి. రామచంద్రను. పాటలు రాసింది ఉర్దూ మాధ్యమంలో చదివిన సి. నారాయణ రెడ్డి గారు. పాడింది రఫీ సాహెబ్.

రఫీ సాహెబ్ తెలుగు పాటలు ఇంకో పెద్ద బహస్. 'చైనా టౌన్'లో షమ్మీ కపూర్‌కు పాడిన రఫీయే దాని తెలుగు రూపం 'భలే తమ్ముడు' (1969)లో ఎన్టీఆర్‌కు పాడారు. ఒకరనేవారు, "గొంతు బంగారమే గానీ ఆ తలఫ్ఫుజ్ ఏంది? 'ళ' పలకదాయె." ఇంకొకరు, "మన దాదీకి పలుకుతదా 'ళ'? ఆమె తెలుగు తెలుగు కాదా?" అని తగులుకునేవారు. నవ్వులాటే, కానీ దాని కింద ఉన్న సవాల్ నవ్వులాట కాదు. తెలుగు ఎవరిది? 'ళ' పలకనివాళ్ళకు తెలుగు మీద హక్కు ఉందా? అటు పొరుగింటి వాళ్ళు 'గజల్' అన్నప్పుడు ఫార్సీ గైన్ పలకదు, దాన్ని రాయడానికి తెలుగు లిపిలో అక్షరమే లేదు. వాళ్ళ తలఫ్ఫుజ్‌ను మనం మాఫ్ చేశాం, మన తలఫ్ఫుజ్‌ను వాళ్ళు మాఫ్ చేశారు. పాట దగ్గర ఇద్దరికీ చోటు దొరికింది.

ఈ మాఫీకి మన జిల్లాలోనే ఒక గవాహ్ ఉన్నారు, దాశరథి కృష్ణమాచార్య గారు. 1925లో పాత వరంగల్ జిల్లా చిన్నగూడూరులో పుట్టారు. నిజాం హుకూమత్ మీద కలం ఎత్తి వరంగల్, నిజామాబాద్ జైళ్ళు చూశారు. అదే మనిషి 1961లో గాలిబ్ షాయరీని 'గాలిబ్ గీతాలు'గా తెలుగులోకి తెచ్చారు. అదే ఏడాది 'ఇద్దరు మిత్రులు' సినిమాకు 'ఖుషీ' అనే లఫ్జ్‌తో మొదలయ్యే పాట రాశారు, రాష్ట్రమంతా పాడుకుంది. ఆయన కొట్లాడింది హుకూమత్‌తో, ఉర్దూ జబాన్‌తో కాదు. ఈ ఫరఖ్ తెలిసిన మనిషి మన ఓరుగల్లు గడ్డ మీద పుట్టాడని మన పిల్లలకు చెప్పాలి. హన్మకొండ కాళోజీ గారికీ ఉర్దూ బాగా వచ్చు. ఉర్దూ పాట మీద రాయ్ ముస్లిం ఇంటి సొత్తు మాత్రమే కాదని దీన్నుంచి అర్థమవుతుంది.

భగవంతి మీద మన ఖాలాల ఫైసలా

1977 అక్టోబర్‌లో హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది. 1984లో దేశమంతటా చిన్న ట్రాన్స్‌మిటర్లు పెట్టుకుంటూ పోయారు, టీవీ జిల్లాలకు చేరింది. మొహల్లాలో ఒకరింట్లో టీవీ, అందరింటి చెప్పులూ ఆ గుమ్మం ముందు. అజాన్ వినిపించగానే వాల్యూమ్ సున్నా. రమ్జాన్ నెలలో కొన్ని ఇళ్ళల్లో టీవీ మీద చాదర్ కప్పేసేవారు.

1984 జూలై 7న 'హమ్ లోగ్' మొదలైంది. 156 ఎపిసోడ్లు, 1985 డిసెంబర్ దాకా. దాని వెనక కూడా ఒక సర్కారీ ఇరాదా ఉంది. మెక్సికోలో మిగెల్ సాబిదో అనే ఆయన, సీరియళ్ళతో జనానికి కుటుంబ నియంత్రణ, చదువు లాంటివి నేర్పవచ్చని చేసి చూపించారు. ఆ నమూనా చూసి వచ్చి మన దగ్గర మనోహర్ శ్యామ్ జోషీ చేత రాయించారు. అందులో తల్లి భగవంతి. తాగుబోతు మొగుడిని, అత్తను, పిల్లలను భరిస్తూ నోరెత్తని ఇల్లాలు. 'ఇలా ఉండకూడదు' అని చూపించడానికి రాసిన పాత్ర అది. కానీ చూసినవాళ్ళల్లో చాలామంది భగవంతినే ఆదర్శం అనుకున్నారు! ఆ సీరియల్ మీద పరిశోధన చేసినవాళ్ళు రాసిన మాట ఇది. 17 నెలల్లో 4 లక్షలకు పైగా ఉత్తరాలు వచ్చాయి. బడ్కీ పెళ్ళి అశ్వినితో చేయండని కూడా రాశారు.

భగవంతిని మెచ్చుకున్నవాళ్ళు తెలివితక్కువవాళ్ళా? నాకు అట్లా అనిపించదు. మన ఖాలాలు, ఫుప్పూలు భగవంతిలో ఓపిక చూశారు, ఎందుకంటే తమ జిందగీలో దానికి ఎవరూ ఎప్పుడూ ఇజ్జత్ ఇవ్వలేదు. టీవీలో ఆ ఓపిక కనిపిస్తే 'ఇదీ ఒక పనే, ఇదీ కష్టమే' అన్నారు. ఇంకో ఖాలా "అంత సబ్ర్ ఎందుకు? పుట్టింటికి పోవాల్సింది" అనేది. ఈ రెండు రాయ్‌ల మధ్యలో ఆ ఇంట్లో ఆడవాళ్ళు తమ సొంత హాల్ చెప్పుకున్నారు. నేరుగా చెప్పుకోలేనిది భగవంతి పేరు మీద చెప్పుకున్నారు. మామూలు అభిప్రాయం విలువ అక్కడుంది. భాభీ సాస్ గురించి మాట్లాడితే ఫసాద్, సీరియల్‌లో సాస్ గురించి మాట్లాడితే గుఫ్తగూ.

గల్ఫ్ సూట్‌కేసులో వీసీఆర్

1973 తర్వాత గల్ఫ్‌లో నూనె డబ్బు పెరిగింది. తెలంగాణ జిల్లాల నుంచి పనికి పోయిన మామూలు, చాచాలు ఛుట్టీకి వచ్చినప్పుడు టేప్ రికార్డర్లు, తర్వాత వీసీఆర్‌లు తెచ్చారు. వాటితో పాటు పాకిస్తానీ డ్రామాల క్యాసెట్లు వచ్చాయి. హసీనా మొయిన్ రాసిన 'అన్‌కహీ' (1982), 'తన్‌హాయియాఁ' (1985), 'ధూప్ కినారే' (1987). నకలు మీద నకలు తీసి బొమ్మ మసకబారిన క్యాసెట్లు చేతులు మారుతూ తిరిగేవి.

ఎందుకంత ఇష్టం? దేశాల మామలా కాదది. ఆ డ్రామాల్లో డిష్యుం డిష్యుం లేదు, పదిమంది వెనక డాన్సులు లేవు. ఆడపిల్ల డాక్టరవుతుంది, ఉద్యోగం చేస్తుంది, ఎదురు జవాబు చెబుతుంది, అయినా ఇంట్లో దస్తర్‌ఖాన్ దగ్గర అందరితో కలిసి కూర్చుంటుంది. పిల్లలతో కలిసి చూడొచ్చు. పైగా అందులో ఉర్దూ! స్కూల్లో తెలుగు మీడియం చదివిన పిల్లలు 'తకల్లుఫ్', 'గలత్‌ఫహ్మీ' లాంటి మాటలు ఆ డ్రామాల్లో విని ఇంట్లో వాడేవాళ్ళు. పెద్దలు నవ్వేవాళ్ళు, మన దఖ్ఖనీకి కరాచీ రంగు అంటుకుందని. 'నక్కో' అనే నోటికి 'నహీఁ చాహియే' అలవాటు కావడం మీద కూడా బహస్ నడిచింది. మన దఖ్ఖనీ తక్కువదా అన్న సవాల్ అది.

1988లో దూరదర్శన్‌లో గుల్జార్ 'మిర్జా గాలిబ్' వచ్చింది. నసీరుద్దీన్ షా గాలిబ్, జగ్జీత్ సింగ్, చిత్రా సింగ్ గొంతులు. ఆ క్యాసెట్ లేని షౌకీన్ ఇల్లు లేదంటే అతిశయోక్తి కాదు. దాశరథి గారు 1987 నవంబర్‌లో పోయారు, ఆ సీరియల్ చూడలేదు. కానీ తెలుగు పాఠకుడికి గాలిబ్‌ను ఆయన టీవీ కన్నా 27 ఏళ్ళ ముందే పరిచయం చేసి పోయారు.

డ్రామా వేరు, తవారీఖ్ వేరు

1990లో సంజయ్ ఖాన్ 'ది స్వోర్డ్ ఆఫ్ టిప్పు సుల్తాన్' వచ్చింది. భగవాన్ గిద్వానీ నవల దానికి ఆధారం. వివాదాలు లేచాయి, ఇది కల్పిత కథ అని ప్రతిసారీ తెరమీద చెప్పాల్సి వచ్చింది. మన ఇళ్ళల్లో ఆ మాట చదివి చాలామంది నారాజయ్యారు. "మిగతా సీరియళ్ళకు లేని షర్తు దీనికే ఎందుకు?" అన్నారు. ఆ సవాల్‌లో దమ్ము ఉంది. అయితే ఇంకోమాట కూడా నిజం. అది నవల మీద తీసిందే. టిప్పును తెలుసుకోవాలంటే దస్తావేజులు చదవాలి, సీరియల్ సరిపోదు.

ఇదే కిస్సా 2020లో మళ్ళీ జరిగింది. ఏప్రిల్ 25న, రమ్జాన్ మొదట్లో, పీటీవీ ఉర్దూ డబ్బింగ్‌తో తుర్కీ సీరియల్ 'ఎర్తుగ్రుల్' మొదలుపెట్టింది. లాక్‌డౌన్‌లో మస్జిద్‌లు మూసి ఉన్నాయి, పిల్లలు ఇంట్లో ఉన్నారు, ఫోన్లో ఎర్తుగ్రుల్ నడిచింది. మంచి డ్రామా, ఇన్‌కార్ లేదు. కానీ అసలు ఎర్తుగ్రుల్ గురించి ఆయన కాలంలో రాసిన తహ్రీర్ దాదాపు ఏమీ లేదు. కొడుకు ఉస్మాన్ నాణెం మీద తండ్రి పేరుగా కనిపిస్తుంది, అంతే. మిగతా కథంతా తర్వాతి తరాలు, చివరికి స్క్రిప్టు రాసినవాళ్ళు నింపినది. పిల్లలు సీరియల్‌ను ఇష్టపడనివ్వండి, గుర్రాల మీద, హలీమా మీద రాయ్‌లు చెప్పనివ్వండి. తవారీఖ్ పేపర్లో మాత్రం సీరియల్ జవాబు రాయొద్దని చెప్పండి.

తెలుగు తెర మీద మన రూపం ఎలా ఉంది? ఏళ్ళకేళ్ళు తెలుగు సినిమాల్లో, టీవీలో ముస్లిం పాత్ర అంటే టోపీ, సుర్మా, విరిగిన తెలుగు, ప్రతి మాట చివర 'అల్లా కసమ్'. నవ్వించడానికి ఒకడు, లేదా హీరో కోసం ప్రాణం ఇచ్చే దోస్త్ ఒకడు. వరంగల్‌లో పుట్టి తెలుగులో ఎమ్మే చేసినవాడు, రైతుబజారులో బేరం ఆడే ఆపా, వీళ్ళు తెర మీద కనిపించింది చాలా తక్కువ. "మనం అట్లా మాట్లాడతమా?" అని సోఫాలో కూర్చుని ఎవరో అన్న ఆ ఒక్క వాక్యం నా లెక్కలో పెద్ద సినీ విమర్శ. దాన్ని ఏ పత్రికా అచ్చు వేయలేదు.

మళ్ళీ మళ్ళీ మూసిన దర్వాజా

1995లో ఈటీవీ, జెమిని వచ్చాయి. 2001 ఆగస్టు 15న ఈటీవీ ఉర్దూ వచ్చింది, అదీ హైదరాబాద్ నుంచి. 2006లో డీడీ ఉర్దూ. ఇక ఇంట్లో రిమోట్ ఒక్కటి, పార్టీలు రెండు. ఎనిమిదింటికి తెలుగు సీరియల్, తర్వాత ఉర్దూ ఖబ్రేఁ.

2014 జూన్ 23న 'జిందగీ' చానల్ మొదలైంది. వీసీఆర్ జమానాలో దొంగచాటుగా తిరిగిన డ్రామాలు ఇప్పుడు డిష్‌లో బాకాయిదా వచ్చాయి. ఉమేరా అహ్మద్ రాసిన 'జిందగీ గుల్జార్ హై'లో కషఫ్ మీద ఇళ్ళల్లో ఎన్ని రాయ్‌లు! పేదింటి పిల్ల, చదువుతో పైకొచ్చింది, కానీ కోపం ఎక్కువ. "అంత అకడ్ ఏంది?" అని ఒకరు. "పేదరికంలో పెరిగినదానికి అకడే కవచం" అని ఇంకొకరు. తర్వాత 2017లో స్టార్ మా 'కార్తీకదీపం' మొదలైతే అదే జనం వంటలక్క మీద అలాగే కొట్లాడారు. నల్లగా ఉందని అత్త ఈసడించిన కోడలి కథ ఏ మజ్హబ్ ఇంట్లో లేదు చెప్పండి? కషఫ్‌నూ వంటలక్కనూ పక్కపక్కన పెట్టి మాట్లాడగల ఇళ్ళు మనవి. ఈ దౌలత్ మనకు ఊరికే రాలేదు, రెండు జబాన్లు మోసిన మూడు తరాల కమాయీ ఇది.

2016 సెప్టెంబర్‌లో ఉరీ దాడి తర్వాత జిందగీ చానల్ పాకిస్తానీ డ్రామాలను ఆపేసింది. 2025 ఏప్రిల్‌లో పహల్‌గామ్‌లో బేగునాహ్ మనుషులను చంపిన తర్వాత పాకిస్తానీ చానళ్ళు యూట్యూబ్‌లో మన దేశంలో మూతపడ్డాయి. మే 8న ఓటీటీలకు కూడా సర్కారు సలహా వెళ్ళింది. జనం ప్రాణాలు పోయిన చోట డ్రామా ఆగిందని ఏడవడం ఇన్సానియత్ కాదు, ఆ మాట ముందు చెప్పుకోవాలి. కానీ ఇంకో తక్లీఫ్ ఉంది, అదీ చెప్పుకోవాలి. ఆ డ్రామా చూసిన ఆపా ఆ దేశాన్ని మెచ్చుకోలేదు, ఒక కథను మెచ్చుకుంది. ఆమె షౌక్‌ను ఆమె వఫాదారీకి పరీక్ష పేపర్ చేస్తే, రేపటినుంచి ఆమె తనకు ఏది నచ్చిందో నలుగురిలో చెప్పదు. నోరు మూసుకుంటుంది. పాట నచ్చిందని చెప్పడానికి ఇటూ అటూ చూసుకోవాల్సిన రోజు వస్తే, పోయేది డ్రామా ఒక్కటే కాదు. అమీన్ సయానీకి బేఫికర్‌గా పోస్టుకార్డు రాసిన ఆ నానీ హక్కు పోతుంది.

ఇక మన వైపు చూసుకుందాం. దర్వాజా బయటివాళ్ళే మూయరు. మనమూ మూస్తాం. "తెలుగు పాటేంది, మనోళ్ళది కాదు" అని ఒకరు పిల్లలను ఆపుతారు. "ఉర్దూ ఎందుకు, పనికిరాదు" అని ఇంకొకరు. ఇద్దరూ మన తవారీఖ్ తెలియనివాళ్ళే. ఒకే రేడియోలో రెండూ విన్న ఖాన్‌దాన్ మనది.

మనం అడగాల్సిన మాటలు

ఆదిలాబాద్ జిల్లాలో సామల సదాశివ గారని ఒక పెద్దమనిషి ఉండేవారు. ఉర్దూ, ఫార్సీ, తెలుగు, మరాఠీ తెలిసినవారు. హిందుస్తానీ గాయకుల గురించి, తాను విన్న సంగీతం గురించి తెలుగులో హాయిగా, కబుర్లు చెప్పినట్టు రాశారు. ఆయన 'స్వరలయలు'కు 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ ఇనామ్ వచ్చింది. వినేవాడి మాటకు అంత ఇజ్జత్ దొరికిన మిసాల్ మన తెలంగాణలోనే ఉంది. అంత పెద్ద పని మనం చేయనక్కర్లేదు. ఒక నోట్‌బుక్ చాలు.

ఈ ఈద్‌కు ఇంట్లో అందరూ కలిసినప్పుడు నానీ దగ్గర, దాదా దగ్గర కూర్చోండి. మీరు మొదటిసారి రేడియో ఎవరింట్లో విన్నారు? ఫర్మాయిష్ ఉత్తరం ఎప్పుడైనా రాశారా, ఏ లిపిలో రాశారు? పాట వినొద్దని ఇంట్లో ఎవరన్నారు, అప్పుడు మీరేం చేశారు? భగవంతి చేసింది సరైందేనా? రఫీ సాహెబ్ తెలుగు మీకెలా అనిపించింది? జవాబులను వాళ్ళ బోలీలోనే రాసుకోండి, సరిచేయొద్దు. 'నక్కో' అంటే 'నక్కో' అనే రాయండి. తారీఖు, మొహల్లా పేరు పక్కన పెట్టండి. కషఫ్ గురించి మీ అమ్మీని అడగండి, ఎర్తుగ్రుల్ గురించి మీ తమ్ముణ్ణి అడగండి, వంటలక్క గురించి అందరినీ అడగండి. కొట్లాట అయితే అదీ రాసిపెట్టండి.

రేడియో సిలోన్ తరంవాళ్ళకు ఇప్పుడు ఎనభై దాటింది. ఆలస్యం చేయకండి.

ఖుదా హాఫిజ్.